నాలుగంగుళాలు

చిక్కపేట మొత్తం ఇవాళ
కవరు విప్పని చొక్కాలా ఉంది.
తాకితే చప్పుడవుతుంది గానీ
గుడ్డ తగలదు.

"ఊట ఆయ్తా?" అంటుంది పూలమ్మే గౌరక్క.
పెదాలు ముందు కదులుతాయి,
మాట తర్వాతెప్పుడో వస్తుంది.
ఆయ్తు, అంటాను.
పక్క కొట్లో ఎవరో అన్నట్టు వినిపిస్తుంది.

రాత్రి మాత్ర తెల్లారినా దిగదు.
నాలుక అట్టముక్క,
దిండు మాత్రం తడి.
సూదిబెజ్జం నా వేళ్ళకి దొరకదు.
ముబీన్ గాడు దారం ఎక్కించి
ఏమీ అడక్కుండా వెళ్ళిపోతాడు.

ఇక కాళ్ళు.
కూర్చుంటే నడవమంటాయి, నడిస్తే కూర్చోమంటాయి.
సరే పదండని మిషను తొక్కించాను:
నిన్న పదకొండు స్కూలు చొక్కాలు.

డాక్టరమ్మని అడిగాను,
మానేస్తానని కాదు, కాస్త తగ్గించమని.
రాసుకుంది. చూద్దాం అంది.

భుజం పదమూడు, చెయ్యి ఎనిమిదిన్నర.
టేపు కింద పిల్లాడు
చక్కిలిగింతకి మెలికలు తిరిగాడు.
అక్కడ, ఒక్క క్షణం,
కవరు చిరిగింది.

షట్టరు దించి నా నడుం కొలుచుకున్నాను.
ఉగాదికన్నా నాలుగంగుళాలు ఎక్కువ.
నవ్వొచ్చింది:
లేనివాడు ఇంత లావెక్కుతాడా?

పంట్లాం కుట్టు విప్పుతున్నాను.
లోపల మడిచిపెట్టిన గుడ్డ
ఇంకా ఉంది.