పదకొండో పాఠం

బొమ్మనహళ్ళిలో, సెల్‌ఫోన్ రిపేరు కొట్టు పైన గది.
ఆదివారం మూడింటికి వస్తామన్నవాళ్ళు
నాలుగుంపావుకి వచ్చారు, తడిజుట్లతో.
"వారానికొకసారే తలకు పోసుకునేది మేడమ్, ఏమనుకోవద్దు."

ముక్కు, చెవి, చెయ్యి ఎప్పుడో దాటేశాం.
అవి పసిపిల్లల మాటలని
చౌడేశ్వరి పోయిన నెలే పెదవి విరిచింది.
ఇవాళ సందుగొందుల్లోకి వెళ్ళాలి:
కణత, మణికట్టు, చీలమండ, మెడ వెనక గుంట.

గోడకి పటం తగిలించాను.
గులాబి రంగు మనిషి, చేతులు చాపుకుని,
దేనికీ అలవాటుపడని ఒళ్ళు.

"టెంపుల్" అన్నాను కణత మీద వేలు పెట్టి.
"తలకి రెండు పక్కలా గుళ్ళా!" అంది ఓబుళమ్మ.
"అందుకే మా సూపర్‌వైజరు అరిస్తే అక్కడ గంటలు మోగేది."
పామ్ అంటే అరచెయ్యి, తాటిచెట్టూనూ.
కాఫ్ అంటే దూడ, పిక్క కూడా.
ఇంగ్లీషులో ఈ కాలు దూడని మోస్తుంది,
కన్నడంలో మీనఖండమట, చేపముక్క,
మనకేమో చింతపిక్క లాంటి పిక్క.
మూడు భాషల నడుమ ఒకటే కాలు
పొద్దున ఏడింటి నుంచీ పెడల్ మీద
ఏ పేరూ లేకుండా ఆడుతూ ఉంటుంది.

నేను నేర్పకముందే వాళ్ళకొచ్చిన మాటలున్నాయి.
కాలర్, కఫ్, ఆర్మ్‌హోల్, ప్లాకెట్, హెమ్.
చొక్కా ఇంగ్లీషు గడగడా అప్పజెబుతారు,
చొక్కాలో దూరే మనిషి దగ్గరే నత్తి.
"ఆర్మ్‌హోల్ తెలుసు మేడమ్, గంటకి అరవై జతలు.
లోపలుండే చంకనేమంటారో ఎవురూ చెప్పలే."
చెప్పాను. ఆర్మ్‌పిట్.
"పిట్ అంటే గొయ్యి కదా!" అని నవ్వీ నవ్వీ
రెడ్డెమ్మకి పొలమారింది.

తర్వాత అభ్యాసం. పుస్తకంలో ఇలా ఉంది:
మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఎక్కడ నొప్పో చెప్పండి.
ఈఎస్ఐ ఆస్పత్రిలో తెలుగూ కన్నడమూ అర్థమయ్యేవాళ్ళు లేరని కాదు.
"ఇంగ్లీషులో చెబితే తలెత్తి చూస్తారు"
అంది చౌడేశ్వరి. అంతకుమించి ఏమీ అనలేదు.

నా మార్కరు ఎండిపోయింది.
గంగరత్న సంచీలోంచి టైలర్ చాక్ తీసింది,
అరిగి అరిగి గోరంత మిగిలిన నీలం ముక్క.
ఒక్కొక్కరే లేచి పటం మీద గీత గీసి
వాక్యం చెప్పాలి.
మై రిస్ట్ హర్ట్స్. గీత.
మై నెక్ హర్ట్స్. గీత.
మై రిస్ట్ ఆల్సో హర్ట్స్. పాత గీత మీదే ఇంకోటి.
వ్యాకరణంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.
పదమూడు మంది అయ్యేసరికి
గులాబి మనిషి భుజాలకి
నీలం చొక్కా టాకా వేసినట్టుంది.

ఆఖర్న ఓబుళమ్మ.
చెయ్యి వెనక్కి మడిచి, రెండు రెక్కల నడుమ
ఒక చోటు చూపించబోయింది. అందలేదు.
"ఈడ మేడమ్. దీన్నేమంటారు?"
నాకు రాలేదు.
అప్పర్ బ్యాక్ అన్నాను. అది పేరు కాదు, చిరునామా.
పుస్తకం తిరగేశాను.
పటం వెనక్కి తిప్పాను: తెల్లకాగితం.

"యోక్" అంది రెడ్డెమ్మ, వెనక బెంచీ మీంచి.
"చొక్కాలో ఆ ముక్కని యోక్ అంటాం.
దానికి రెండు వరసల కుట్టు, బరువంతా అదే మోసేది."
ఓబుళమ్మ నిటారుగా నిలబడింది.
"మై యోక్ హర్ట్స్."
తప్పు అనబోయి, ఎందుకో ఆగాను.

రాత్రి నిఘంటువు తీశాను.
చొక్కా సంగతి నాలుగో అర్థం.
మొదటిది కాడి.

రిజిస్టరులో పదకొండో పాఠం ఎదురుగా
పూర్తయింది అని రాయాలి.
వేళ్ళ మధ్య నీలం సుద్ద ఇంకా వదల్లేదు.
ఆ గడి అలాగే ఖాళీగా ఉంచి
లైటు తీసేశాను.