ఎంత వంగుద్ది

మా తమ్ముడు హజరత్తు స్ప్రింగులు కోయించి
నేలకి దించిన కారు.
వాయిదాలు కట్టలేక
నా పేరున రాసిచ్చిన కారు.
టంగుటూరు నుంచి కొండపి పొగాకు వేలానికి
రోజూ నన్ను మోసే కారు.
స్పీడు బ్రేకరు కనపడితే
ఊపిరి ఎగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాను,
నా పొట్ట తగుల్తుందన్నట్టు.

మొన్న టోల్‌గేటు దాటినాక
వెనక ఎడమ టైరు కూలబడింది.
డిక్కీలో జాకీ ఉంది, కారుతో వచ్చిందే.
కింద దూర్చబోతే
కారు కంటే జాకీ ఎత్తు.
ఎండుమిర్చి లారీ ఆపి నలుగురు దిగారు.
"ఏందక్కా, దీన్ని రోడ్డుకేసి కుట్టారా?" అని నవ్వి
చేతుల్తో ఎత్తి పట్టుకున్నారు
నేను స్టెప్నీ బిగించిందాకా.
నాకూ నవ్వొచ్చింది గానీ
రోజూ నలుగురు దొరకరు గదా.

ఆదివారం ఒంగోలు పోయా,
కర్నూలు రోడ్డులో మాల్యాద్రి కొట్టుకి.
చీమకుర్తి క్వారీలో ఇరవయ్యేళ్ళు రాళ్ళు లేపిన మనిషి.
కుడిచేతికి నాలుగే వేళ్ళు.
అయిదోదాని సంగతి నేనడగలా, ఆయన చెప్పలా.

"ఎన్ని టన్నులు లేపుద్ది?" అన్నా, తెలిసినదాన్లాగా.
"లేపేదానికేముందమ్మా, ఏదైనా లేపుద్ది.
ఎంత వంగుద్దో అడుగు."
అంటానే టైరు పక్కన గొంతుక్కూచుని
పిన్ను నొక్కేశాడు.
బుస్సుమని గాలంతా నా కళ్ళముందే!
"అయ్యో, ఇదేంది బాబాయ్?"
"గాలున్నప్పుడు కొలిస్తే అదేం కొలత?
నీకు జాకీతో పనిబడేది
అది పడిపోయిన రోజునేగా."
టేపు పెట్టాడు.
మూడంగుళాల ఏడు నూలు.

సీసా జాకీ
పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా నిలబడింది,
మెడ వంచనంది.
ఎర్ర ట్రాలీది ముక్కు దూర్చింది,
నెత్తి తగిలించుకుంది.
మూడోది ఉడుములా నేలకి కరుచుకుని
సర్రున పోయింది లోపలికి.
"ఇదీ!" అన్నాడు.
పట్టుకుని లేపబోయా.
ముప్పైనాలుగు కిలోలు.
బేళ్ళ బరువులు రాయడం నా పని,
మొయ్యడం కాదు.

అటక మీంచి ఇంకోటి దించాడు, బూజు దులిపి.
వంగితే మూడంగుళాల మూడు నూలు.
పద్నాలుగు కిలోలు:
మా అక్క కొడుకు మూడేళ్ళప్పుడు ఇంతే ఉండేవాడు.
కొంగు దోపుకుని
కొట్లోంచి డిక్కీకి, డిక్కీలోంచి కొట్లోకి
రెండుసార్లు మోశా.
పక్క టీకొట్టు వాళ్ళు చూస్తే చూశారు.
రెండు ముక్కల కడ్డీ బిగించి కొట్టబోతే
పిడి బంపరుకి తగిలింది.
"ఎదురుగా పోబాక. పక్కనుంచి పో.
మొదట సగం సగం కొట్టు,
అది కాస్త లేచినాక నీకే దారిస్తది."

రోడ్డు పక్క మట్టిలో ఈ బుల్లి చక్రాలు దొర్లవంట,
కింద ఏదన్నా పరవాలంట.
మూలన నల్లరాయి పలక ముక్కలుంటే
"అవో రెండియ్యి" అన్నా.
ఆయన ఒకసారి చెయ్యి చూసుకున్నాడు.
"రాయి చెప్పకుండా పగులుద్ది.
చెక్కయితే ముందు మూలుగుద్ది.
మూలిగేదాన్నే దగ్గర పెట్టుకో.
మూలిగినా మూలగకపోయినా
లేపిన కారు కింద చెయ్యి పెట్టబాక."
తుమ్మచెక్క కోసిచ్చాడు.
గాలి ఊరికే కొట్టాడు.
అయిదువేల రెండొందలు, బేరం లేదు.

తిరిగొస్తంటే
ఎప్పుడూ తగలని బ్రేకరుకి
వెనక గర్రుమంది.

రాత్రి వాకిట్లో లైటేసి
నేనే పిన్ను నొక్కి, నేనే టేపు పెట్టా.
మూడంగుళాల ఆరు.
జాకీ బరువుకి నూలు దిగింది కారు.
దూరుద్దిలే ఇంకా.
కాలిపంపు తొక్కుతా తొక్కుతా
హజరత్తుకి ఫోన్ చేశా:
ఒరే, ఆ కోసిన స్ప్రింగు ముక్కలు
ఉంచావా, పాతసామానోడికి వేశావా?