చెయ్యి తడిపేవాడు

చెయ్యి తడపందే ఫైలు కదలదంటారు కదా,
అదే చెయ్యిని రెండోసారి తడిపేవాణ్ణి నేను.
గాజుగ్లాసులో నీళ్లు, చెంచాడు సోడా.
"ముంచండి సార్" అంటాను, మర్యాదగానే.

ఆరేళ్ల కింద, యలహంక దాటాక ఒక రెవెన్యూ ఆఫీసు.
ఎదుటి కొట్టులో గంట నుంచీ ఒకే టీ పట్టుకుని కూర్చున్నాను,
చల్లారి మీగడ కట్టింది.
లోపల గంగహనుమక్క,
సైటు ఖాతా కోసం పదకొండు నెలలు తిరిగిన మనిషి.
ఆమె సంచిలో పదహారు ఐదువందల నోట్లు,
నంబర్లు మేం రాసుకున్నవి, తెల్లపొడి మేం పూసినవి.
వాడు తీసుకుంటే కొంగు తలమీదికి లాక్కోవాలి.
లాక్కుంది.
ఎండకేమో అనుకున్నాను ఒక్క క్షణం.

రుద్రేశప్ప మణికట్లు రెండూ పట్టుకున్నాం.
సొరుగులో టిఫిన్ డబ్బా, సగం వాడిన మాత్రల పట్టీ.
ఇంకా భోంచెయ్యలేదన్నాడు.
కుడిచెయ్యి ముంచాడు, నీళ్లు గులాబీరంగు తిరిగాయి.
ఎడమచెయ్యి. అదీ అంతే.
సాక్షిగా పిలిపించిన పట్టుపరిశ్రమ శాఖ గుమాస్తా
"అయ్యో" అంది.
ఏ భాషలో అందో తెలియదు,
మహజరులో రాయలేదు.

మా నాన్న ములబాగిలు నుంచి వచ్చి
మల్లేశ్వరం దోబీఘాట్‌లో నలభై ఏళ్లు
మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు.
ఇదే సోడా. వేళ్ల సందుల్లో ఇదే మంట.
ఆయన నీళ్లలో మరక పోయేది,
నా నీళ్లలో తేలుతుంది.

నల్లజీడి పసరుతో అంచు వెనక గుర్తు పెట్టేవాడు.
రెండు చుక్కలూ ఒక గీతా వకీలు గారిల్లు,
మూడు చుక్కలు మిల్లు మేనేజరుది.
అక్షరం ముక్క రాదు,
ఒక్క చేతిరుమాలు ఇంకో ఇంటికి పోలేదు.
జేబుల్లో నోటు దొరికితే ఆరేసి,
చొక్కాతోపాటే ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు.
వేడివేడి పదిరూపాయల నోటు.
నేను సీసా మూతికి దారం చుట్టి, లక్క కరిగించి,
చీటీ మీద సంతకాలు పెట్టించుకుంటాను.
ఇది మా ఇంటి పనేనని
పై అధికారులెవరికీ చెప్పలేదు.

మొన్న కేసు విచారణకొచ్చింది.
గంగహనుమక్క బోనెక్కి నా వైపు చూడలేదు.
లంచం కాదండి, చేబదులు తీర్చాను, అంది.
నేనేమీ అనుకోలేదు.
ఖాతా వచ్చింది, ఇల్లు లేచింది,
పై అంతస్తుకి మళ్లీ అనుమతి కావాలి.

వకీలు సీసా ఎత్తి కిటికీ వెలుతురుకు పెట్టాడు.
"గులాబీరంగు ఎక్కడుంది, ఇన్‌స్పెక్టర్?"
ఉత్త నీళ్లు. అటు పక్కన వేపకొమ్మ కనిపిస్తోంది.
రోజులు గడిస్తే వెలిసిపోతుంది,
అప్పటి ల్యాబు రిపోర్టు ఉంది, అన్నాను.
గొంతు నాదిలా లేదు.

నీడన ఆరేస్తే రంగు నిలుస్తుందిరా అనేవాడు నాన్న.
ఈ సీసా ఎండ మొహం చూడలేదు.
ఆరేళ్లూ బీరువాలోనే ఉంది,
చీకట్లోనే వెలిసింది.
ఇది ఆయన్ని అడగాల్సిన మాట,
ఆయన లేడు.

వాయిదా వేశారు.
వరండాలో రుద్రేశప్ప ఎదురయ్యాడు. జుట్టంతా నెరిసింది.
"ఇప్పటికీ అన్నం కలిపేముందు వేళ్లు చూసుకుంటాను సార్" అన్నాడు.
తిట్టలేదు, బతిమాలలేదు.
చెయ్యి చాపాడు, కలుపుదామని.

నా రెండు చేతుల్లోనూ ఫైళ్లున్నాయి.
లేకపోతే ఏం చేసేవాణ్ణో
మెట్లు దిగుతూ ఆలోచించాను,
బస్సులో ఆలోచించాను.

రేపు పొద్దున కెంగేరిలో ఇంకొకటి.
సోడా నిండుకుంది, పొట్లం కొనాలి.