మూడో మనిషి

లైసెన్సు వచ్చి పందొమ్మిది రోజులు.
బి. వన్నూరమ్మ, ఇరవై రెండేండ్లు.
ఫొటోలో నా కండ్లు
ఎదురుగా లారీ వస్తున్నట్టే ఉన్నాయి.
కూడేరు ఆసుపత్రిలో నైటు డ్యూటీ దిగి
రాని బస్సుకు నిలబడీ నిలబడీ
చివరికి కొన్నాను,
తెల్ల ఆల్టో, నాకంటే పదేండ్లే చిన్నది.

అమ్మిన సారు తాళం చేతికిచ్చి
"ఇన్సూరెన్సు ఈ నెలాఖరు దాకే మ్మా" అన్నాడు,
పాలు విరిగినాయి అన్నంత మామూలుగా.

ఫోన్లో ఒక గొంతు తియ్యగా ఏడు వేల ఆరు వందలంది.
ఇంకో గొంతు ఏడు వందలు తగ్గింది.
అద్దం పగిలితే ఒక లెక్క, టైరు పేలితే ఒక లెక్క,
ఎలుక వైరు కొరికితే అది మా లెక్క కాదు మేడం.
నా జీతం పద్నాలుగు వేలు.
ఏ ఎలుకకూ నా మీద పగ లేదనుకుంటా.

క్లాక్‌టవర్ వెనక జిరాక్సు అంగడి మీద మిద్దెలో
ఇంతియాజన్న కండ్లద్దాలు నుదుటికెత్తి చెప్పినాడు:
"పాత సారుకు అయిదేండ్ల బోనసుంది,
ఒక్కసారి గూడా గుద్దలేదు.
అది నీకు రాదు పాపా.
కారు అమ్ముకోవచ్చు గానీ జాగ్రత్త అమ్ముకోలేరు గదా!"

"అన్నిటికంటే తక్కువది ఏది?"
"థర్డ్ పార్టీ."
"అంటే?"
"మొదటి మనిషి నువ్వు. రెండోది కంపెనీ.
మూడోది దోవలో పొయ్యేటోడు.
వానికి దెబ్బ తగిల్తే కంపెనీ చూసుకుంటుంది.
నీ బండికి తగిల్తే నువ్వే చూసుకో."

మా ఇంట్లో బీమా అనే మాట ఎవరూ గట్టిగా అనరు.
ఏడెకరాల చెనిక్కాయకు
ప్రతి జూన్లో లోనులోనే పట్టుకున్నారు నాయన దగ్గర.
ఆ యేడు ఊడలు నేలలోకి దిగలేదు.
వాన కొలిచే గిన్నె మండలాఫీసు కాడ ఉండె,
మా చేను తొమ్మిది మైళ్ళ అవతల ఉండె.
గిన్నెలో వాన పడిందంట.
అకౌంటులో పడింది
రెండు వందల పన్నెండు రూపాయలు.
నాయన పాసుబుక్కు మడిచి
పొల్లు కాయ ఒలిచినట్టు నవ్వినాడు.

అడుగుదామనుకున్నా ఇంతియాజన్నను,
ఆ లెక్కలో నాయన ఎన్నో మనిషని.
అడగలేదు. ఆయన టీ తెప్పించినాడు.

మూడు వేలకు వంద తక్కువ.
అందులోనే, నేను పోతే, పదిహేను లక్షలు.
నా ధర విని కాసేపు నాకే నోరు పెగల్లేదు.
"నామినీ?"
తిప్పేస్వామి అని రాసినా. సంబంధం: తండ్రి.

సాయంత్రం కాగితం చూపిస్తే
నాయన తన పేరు మీద వేలు పెట్టి చదివినాడు,
కింది అంకె చదివినాడు,
కాగితం తిప్పి వెనక గూడా చూసినాడు.
"ఈ దుడ్డు గూడా రాకుండా చూడు మే" అన్నాడు.
బీమా సొమ్ము రాకూడదని
మా ఇంట్లో మొక్కుకోవడం అదే మొదలు.

తెల్లారి కూడేరు దోవలో
అందరూ మూడో మనుషులే కనిపించినారు.
టమాటా బుట్టల నడుమ ఆటోలో నిద్రపోతున్నోడు,
ఒంటి చేత్తో సైకిలు, ఇంకో చేత్తో పాల క్యాను పిల్లోడు,
వెనక్కి చూడకుండా రోడ్డు దాటే అవ్వ.
వీళ్ళ పేర్లు నాకు తెలీదు,
అయినా వీళ్ళందరికీ నేను డబ్బు కట్టినా.
రెండో గేరులోనే పోయినా.
వెనక బొలేరో వాడు హారను మీద చెయ్యి తియ్యలేదు.

మలుపు కాడ గొర్రెల మంద అడ్డం వచ్చింది.
ఆపినా. మొత్తం ఆపినా, ఇంజను గూడా.
కాపరి తాత నన్నొక చూపు చూసి
చివరి పొట్టేలును అదిలించబోతే
కట్టె జారి నా బానెట్టు మీద పడింది.

జానెడు గీత.
దానికి బీమా లేదు.
"చూసుకోని తోలు పాపా" అని
తాత వెళ్ళిపోయినాడు.