మూడో గీత

బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వచ్చింది,
డ్రైవర్ సీటు వెనక, థర్మోకోల్ డబ్బాలో.
ఐసు సగం నీళ్లయింది.
అనంతపురం బస్టాండులో అయిదింటికి
సంతకం పెట్టి తీసుకున్నాను.
తెరిస్తే చిటికెన వేలంత గొట్టం,
దాని అడుగున కంటికి ఆనీ ఆనని తడి.
వంద మైక్రోలీటర్లు.
నా ఫెలోషిప్పులో రెండు నెలలు.

"ఇంత దానికి అంత పెట్టెనా?" అంది
మా ల్యాబులో గాజుసామాను కడిగే హంపమ్మ.
"ఇది ఏమి చేస్తాది పాపా?"

గుర్తుపడుతుంది, అన్నాను.

కణం లోపల ఒక ప్రోటీన్ ఉంది హంపమ్మా.
బయటినుంచి కబురొస్తే
దాని ఒంటిమీద రెండుచోట్ల ఫాస్ఫేటు అంటుకుంటుంది.
అంటుకుందా, లేచి కేంద్రకం దాకా పోయి చెబుతుంది,
పెరుగు, చీలు, రెండవ్వు అని.
లేదా, అదే ప్రోటీన్
ఊరికే పడి ఉంటుంది.
ఈ గొట్టంలోది కబురందిన దాన్నే పడుతుంది.
అందని దాన్ని పలకరించను కూడా పలకరించదు.
దానికి కళ్లు లేవు. తడిమి చూస్తుంది, అంతే.

హంపమ్మ బీకరు బోర్లించింది.
"మా మామ పెన్నోబులేసు అంతే.
సంతకు తోలాల్సిన జీవాలకు
ముందురోజు రాత్రి వీపున ఎర్రమన్ను మెత్తుతాడు.
కోడి కూయకముందే దొడ్లో దూరి
చీకట్లో చెయ్యి పారాడించి
వేలికి మన్ను తగిలిన దాన్నే బయటికి లాగుతాడు."

ఆ మాట నాకు మా గైడు చెప్పలేదు.

"ఎవరి నెత్తురు ఇది?"
కుందేలుది.
"మనిషి ఒంట్లోది కుందేటికెట్ల తెలుసు?"
చిన్న ముక్క చేసి దానికి సూదేస్తారు.
పరాయిదని ఉలిక్కిపడుతుంది.
ఆ ఉలికిపాటును వడగట్టి అమ్ముతారు.
కుందేలును మళ్లీ ఇంకోటి పడుతుంది, మేక నెత్తురులోది.
దాని తోకకు వెలుగు కట్టి ఉంటుంది.
హంపమ్మ నవ్వు కారిడారు దాకా వినబడింది.
"మేక పోయి కుందేలును పట్టేది యాడి కత తల్లీ!"

మొదటిసారి
ఫిల్ము మొత్తం నల్లగా మాడింది.
పొరకు పాలపొడి నీళ్లు పట్టించాను,
పాలకూ ఫాస్ఫేటు ఉంటుందని మరిచి.
ఆవు సీరం అల్బుమిన్ కోసం
పక్క డిపార్టుమెంటు ముందు నిలబడ్డాను, చెంబు పట్టుకున్నట్టు.

రెండోసారి కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిల్ లేదు.
గేటు దగ్గర మస్తాన్ వలి ఐసుబండిలో,
పుల్లయిసుల మధ్య,
నా రెండు నెలలు రాత్రి తొమ్మిది దాకా పడుకున్నాయి.
అతను ఒక పుల్లయిసు కూడా ఇచ్చాడు, ఊరికే.

మూడోసారి.
ఎర్రబల్బు కింద
డెవలపర్లో ఫిల్ము మునిగింది.
సున్నా నిమిషం గడిలో ఏమీ లేదు.
అయిదో నిమిషంలో జంట గీతలు,
ఒకదాని కింద ఒకటి, నల్లగా.
పదిహేనుకు పలచబడ్డాయి.
గంటకు మళ్లీ నిశ్శబ్దం.
కణం విన్నది. విని ఊరుకుంది.
అది నేను చూశాను, ఈ ఊళ్లో,
మే నెలలో, ఫ్యాను ఆగిన గదిలో.

అన్ని గడుల్లోనూ కింద
ఇంకో గీత ఉంది.
సన్నగా. కేటలాగులో లేనిది.

హంపమ్మ ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకుంది.
"మామ కూడా ఒగసారి
పరాయోళ్ల గొర్రెను లాక్కొచ్చినాడు.
తెల్లారి చూస్తే
వీపున ఉన్నింది మన్ను కాదు, నెత్తురు.
కంపచెట్టు గీరినాది.
తడి తడే కదా చీకట్లో."

మరి ఏం చేశాడు?

"పసుపద్ది, వాళ్ల దొడ్డికి తోలొచ్చె."

పేపర్లో వేసేటప్పుడు
పనికిరాని కింది భాగం కత్తిరించడం మామూలే.
అందరూ చేస్తారు. మా గైడూ అదే అంటారు.
నేను ఫిల్ము మొత్తం నోటుబుక్కులో అతికించి
పక్కన పెన్సిలుతో రాశాను:
మూడో గీత. ఎవరిదో కనుక్కోవాలి.