గుర్రం వెళ్ళిపోయాక

మా తాత బ్రోనిస్లా ఎడమచేతికి మూడున్నర వేళ్ళు.
మిగతా ఒకటిన్నర
బఫెలో ఊళ్ళో ఏదో స్ప్రింగు తీసుకుంది.
ఎవరింటి స్ప్రింగు అని అడిగితే
అడిగినప్పుడల్లా ఒక కొత్త వీధి పేరు చెప్పేవాడు.

ఇవాళ లియోకాడియా విట్కో గారి గ్యారేజీలో
నేనూ అదే పనిమీద ఉన్నాను.
తలుపుకి పైన, చుట్టలు చుట్టుకుని పడుకున్న బలం.
దాన్ని విప్పేటప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడను.
ఆమె కాఫీ కప్పు పట్టుకుని మాట్లాడుతూనే ఉంది.

ఈ గోడలు ముందు గుర్రానివి, అంది.
మామగారి తండ్రి పాలబండి తోలేవాడట.
అప్పుడు రెండు రెక్కల తలుపు,
బార్లా తెరిస్తే కీళ్ళ మూలుగు వీధి చివరిదాకా.
గుర్రం పోయింది, మోటారొచ్చింది.
వానాకాలం మాత్రం సీట్లకి
ఎండుగడ్డి వాసన వదల్లేదట చాన్నాళ్ళు.

రెక్కల తలుపుకి శత్రువు జనవరి.
సరస్సు మీంచి మంచు వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే
బయటికి తెరుచుకునే తలుపు ఎటు తెరుచుకుంటుంది?
పార తెచ్చి తవ్వాలి.
పార ఎక్కడుంది? లోపల, తలుపు వెనకాల.
ఈ చిక్కు విడిపించుకోలేకే మనిషి
తలుపుని అడ్డంగా ముక్కలు కోసి, చక్రాలు తొడిగి
కప్పు కిందికి పాకడం నేర్పాడని
మా తాత సిద్ధాంతం.
ఆయన పుస్తకాలు చదివినవాడు కాదు,
తలుపులు చదివినవాడు.
నాలుగు అద్దాలుంటే కారు కొత్తది.
అద్దాలకి లోపల్నించి రంగు పూస్తే
కారు అమ్మేశారు.

యుద్ధం అయ్యాక ఇళ్ళు పొట్టివయ్యాయి,
తలుపులు వెడల్పయ్యాయి.
అరుగు మీద కూర్చునే మనుషులు లోపలికెళ్ళారు,
వీధికి ముఖంగా తలుపొక్కటే మిగిలింది.
నున్నటి పలక, మధ్యలో వజ్రం బొమ్మ,
నెమలికంఠం రంగు.
దాన్ని ఎంచింది మా ఆయన యూజినే, అందామె.
ఆ తర్వాత మీట కొన్నాడు. అరచేతిలో పట్టే డబ్బా.
కుర్చీలోంచి లేవకుండానే తలుపు లేస్తుంది!
వీధి పిల్లలంతా చూడ్డానికొచ్చారు.

చిక్కేమిటంటే
ఎదురింటి డోంబెక్ వాళ్ళదీ అదే రకం డబ్బా.
వాళ్ళు నొక్కితే మాది లేచేది.

నాకు ఒంట్లో బాగాలేక బేకరీ పని మానేసిన రోజు.
మధ్యాహ్నం రెండింటికి డోంబెక్ ఇంటికొచ్చి నొక్కాడు.
మా తలుపు తనంత తనే లేచింది.
లోపల కారు. ఇంజను ఆపేసి ఉంది.
కారులో యూజిన్,
ఒళ్ళో భోజనం డబ్బా, సగం తిన్న శాండ్‌విచ్.
ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళు తీసేసి అప్పటికి పంతొమ్మిది రోజులట.
నేను పనికెళ్ళేదాకా వీధులు తిరిగి,
తర్వాత వచ్చి, తలుపు దించుకుని,
సాయంత్రం దాకా అలా.

నా చేతిలో రెంచి ఆగిపోయింది.
ఏం చేశారని అడిగాను.
చలిగా ఉంది, తలుపు వెయ్యి అన్నాను, అంది.
నేను కూడా లోపలికెళ్ళాకే వేశాడు.

కేటలాగులో ఆమె ఎంచుకున్న కొత్త తలుపు
ఉక్కు రేకు, మీద చెక్క చారల అచ్చు,
మధ్యలో గీత, రెండు రెక్కలని నమ్మించడానికి.
నల్లటి కీళ్ళు, రెండు పిడులు.
ఇవి అయస్కాంతాలండీ,
పట్టుకుని లాగితే ఊడొస్తాయి, అన్నాను.
తెలుసు, గుర్రం కూడా లేదుగా, అంది.
ఎడమ పిడి కాస్త వంకరగా ఉందని
తనే సర్దుకుంది.

పోయేముందు రెండు రిమోట్లు కలపమంది.
ఒకటి తనకి.
రెండోది ఎదురింటికి, బర్మా నుంచి వచ్చిన వాళ్ళకి.
ఎందుకని అడగలేదు.

తాన్ మియింట్ గారు గుమ్మంలో నిలబడి
అటూ ఇటూ తిప్పి చూసి, నొక్కాడు.
రోడ్డుకి అవతల
చెక్క కాని చెక్క, తెరవని కీళ్ళు, పట్టని పిడులు
అన్నీ కలిసి చప్పుడు లేకుండా పైకి లేచాయి.
లోపల ఖాళీ సిమెంటు నేల,
గోడకి
ఒక పార.