బియ్యం డబ్బాలో ఫోను

రాత్రి తొమ్మిదింటికి
ఫోనుని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను.
నీళ్లలో పడ్డ ఫోను బియ్యంలో పెడితే ఆరుతుందంటారు కదా,
ఇక్కడ నీళ్లలో పడింది ఫోను కాదు.

ఆ సంగతి నాకు తెలిసింది
కగ్గదాసపుర రైలు గేటు దగ్గర.
గేటు పడింది. సేలం వైపు బండి వెళ్లింది.
గేటు లేచింది.
వెనకాల ఆటోలు, పాల వ్యాను, స్కూలు బస్సు
హారన్లతో నా వీపు తోముతున్నాయి.
నేను హ్యాండిల్ పట్టుకుని
బండి ఎలా నడపాలో మర్చిపోయి నిలబడ్డాను.
ఏడుపు కాదు. భయమూ కాదు.
చేతిలోంచి చెయ్యి జారిపోయినట్టు.

ఆరేళ్లుగా నా ఉద్యోగం మెలకువగా ఉండటం.
ఎవరో ఎక్కడో బటన్ నొక్కితే డబ్బు కదలాలి,
కదలకపోతే నా దిండు కింద మోగాలి.
రెండుంపావుకి, మూడున్నరకి,
హైమ పుట్టినరోజు కేకు మీద కత్తి ఆనించినప్పుడు.
చివరికి మోగకపోయినా తొడ అదిరేది,
జేబులో ఏమీ లేని తొడ.

డాక్టరు ఉడుప గారు మందులు పెద్దగా రాయలేదు.
"ఆకలేస్తే మీకెలా తెలుస్తుంది?" అని అడిగారు.
చాలాసేపు ఆలోచించి
క్యాలెండర్ చెబుతుందన్నాను.
ఆవిడ నవ్వలేదు.

ఆరు వారాల సెలవు.
మొదటి వారమంతా పడుకున్నాను,
నిద్ర పట్టి కాదు, నిలబడలేక.
రెండో వారం పప్పులో మెంతికూర చేదు తగిలింది.
ఎన్నాళ్లయిందో, చేదు చేదుగా తగిలి.
ఇంకో ముద్ద కలుపుకున్నాను.

పదకొండో రాత్రి దొంగలా వంటింట్లోకి వెళ్లి
మోచేతి దాకా బియ్యం తవ్వాను.
నూట నలభై మెసేజీలు.
నేను లేకుండానే ఏదో కూలింది,
నేను లేకుండానే ఎవరో లేపి నిలబెట్టారు.
సంతోషించాల్సింది.
చల్లటి గచ్చు మీద కూర్చుని
తెల్లారేదాకా చిన్నబోయాను.
పొద్దున హైమ పిన్నీసుతో
ఛార్జింగు బెజ్జంలోంచి నూక తీస్తూ
"ఇవాళ అన్నం వండనా, మెసేజీలు వండనా?" అంది.
ఇద్దరం నవ్వాం.
ఆమె నవ్వు ముందు ఆగింది.

ఇప్పుడు నడుస్తున్నాను.
వ్యాయామమని పేరు పెట్టను, పెడితే దానికీ టార్గెట్ పుడుతుంది.
అడుగులు లెక్కపెట్టే గడియారం విప్పేశాను.
మణికట్టు మీద మిగిలిన తెల్లటి పట్టీ
ఎండకి మెల్లగా నాలో కలుస్తోంది.
కాలిబాట నిండా కానుగ పూలు పేలాల్లా రాలి ఉంటాయి.
తొక్కకుండా వెళ్లడం కుదరదు,
నెమ్మదిగా తొక్కడం కుదురుతుంది.
గేటు పడితే మంచిదే, పెట్టెలు లెక్కపెడతాను.
నిన్న ఇరవై రెండు.
ఎవరికీ పంపాల్సిన లెక్క కాదు.

సోమవారం నుంచి ఆఫీసు.
రాత్రి డ్యూటీలు చెయ్యనని రాసిచ్చాను.
జీతంలో కొంత తెగుతుంది,
ఎంతన్నది హైమా నేనూ ఇంకా కాగితం మీద పెట్టలేదు.

గేటు పక్కన గోనెపట్టా మీద
పుట్టతాయమ్మ సబ్బసిగె సొప్పు కట్టలు పేరుస్తుంది.
"ఊట ఆయ్తా?" అని అందరినీ అడుగుతుంది.
ఈ ఊళ్లో అది ప్రశ్న కాదు, పలకరింపు.
ఆరేళ్లూ హెల్మెట్లోంచి "ఆయ్తు" అని
ఒక అబద్ధం విసిరి పోయాను.
మొన్న ఆగి, నిజంగానే ఆలోచించి,
జొన్నరొట్టె, వంకాయ కూర, కూర్చునే తిన్నానని
నా వంకర కన్నడంలో చెప్పాను.
ఆమె కట్ట కట్టడం ఆపి వింది.

"మరి నిమ్దు?" అన్నాను.
టైము మూడు దాటింది.
గోనె కిందనుంచి టిఫిను డబ్బా చూపించింది,
ఇంకా మూత తియ్యలేదు.
గేటు పడ్డప్పుడే బేరాలు. లేవనీ, తింటానంది.

గేటు లేచింది. బళ్లన్నీ పోయాయి.
ఆమె రాగిముద్ద విప్పుకుని
సొప్పు వాడిపోకుండా చూడమని
నీళ్ల చెంబు నా చేతికిచ్చింది.

చల్లుతూ కూర్చున్నాను.